గ్లుటమేట్, గాబా, గ్లైసిన్‌లను వెలుగుతో కొలిచే పెట్టె: విశాఖ నుంచి ప్రాజెక్టు డైరీ

డిగ్రీ, పీజీ ల్యాబుల్లో తక్కువ ఖర్చుతో అమైనో ఆమ్లాల ఫ్లోరెసెన్స్ (యూవీ వెలుగు పడితే తిరిగి వేరే రంగులో వెలగడం) కొలవాలనుకునేవాళ్ల కోసం ఈ డైరీ రాస్తున్నాను. ఇదే పెట్టె మీరూ కట్టుకోవచ్చు. లేదంటే మాకు ఎదురైన ఇబ్బందులు మీ దాకా రాకుండా ముందే చూసుకోవచ్చు. విశాఖలో ఒక డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతాను. గ్లుటమేట్, గాబా అనే పేర్లను మా పిల్లలు పరీక్షల్లో తప్పులేకుండా రాసేస్తారు, కానీ వాటిని ఒక్కసారైనా కొలవకుండానే డిగ్రీ పూర్తవుతుంది. అది నాకు చాలా కాలంగా బాధగా ఉంది.

కొలిచేది ఏమిటో ముందు నాలుగు మాటల్లో చెబుతాను. మెదడులో ఒక న్యూరాన్ (నాడీకణం) పక్క న్యూరాన్‌ను ఉత్తేజపరచడానికి వాడే ప్రధాన సంకేతం గ్లుటమేట్. ఆ ఉత్తేజాన్ని అదుపులో పెట్టేది గాబా. వెన్నుపాములోనూ మెదడు కాండంలోనూ గ్లైసిన్ కూడా అదుపు చేసే పనిలోనే ఉంటుంది. న్యూరాన్ పొర మీద గ్లుటమేట్‌ను అందుకునే ద్వారాల్లో ఒకటైన ఎన్ఎండీఏ రిసెప్టర్ దగ్గర మాత్రం దాని పాత్ర వేరు: గ్లుటమేట్‌తో పాటు గ్లైసిన్ గానీ డి-సెరిన్ గానీ అంటుకుంటే తప్ప ఆ ద్వారం తెరుచుకోదు. గ్లుటమేట్ నుంచి ఒక కార్బన్ డయాక్సైడ్ పోతే మిగిలేది గాబా. ఈ పని చేసే ఎంజైము గ్లుటమేట్ డీకార్బాక్సిలేజ్. మెదడులో గాబా ఉందని 1950లో తేలింది.

ఈ మూడింటిలో ఏదీ తనంతట తాను వెలగదు. అందుకే వాటి అమీన్ గుంపుతో (నైట్రోజన్ ఉన్న భాగంతో) కలిసి వెలిగే రీఏజెంట్ కావాలి. 1971 నుంచి ఓపీఏ, అంటే ఆర్థో-థాలాల్డిహైడ్, వాడుకలో ఉంది. 1972లో ఫ్లోరెస్కమిన్ వచ్చింది. ఫ్లోరెస్కమిన్ నీళ్లలో క్షణాల్లో విరిగిపోతుంది కాబట్టి ఇరవై మంది పిల్లలున్న బ్యాచ్‌లో దాన్ని కలపడం కష్టం. ఓపీఏ నీళ్లలో నిలబడుతుంది, అందుకే దాన్ని ఎంచుకున్నాను.

దశ 1: పెట్టె

1. 365 నానోమీటర్ల యూవీ ఎల్ఈడీ. ఎల్ఎం317 రెగ్యులేటర్ చిప్‌ను స్థిర కరెంటు వచ్చేలా కట్టి 62 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాం. 1.25ను 62తో భాగిస్తే దాదాపు 20 మిల్లీఆంపియర్లు.
2. ఎల్ఈడీకి 90 డిగ్రీల కోణంలో ఓపీటీ101 సెన్సర్. ఫోటోడయోడ్, యాంప్లిఫయర్ రెండూ ఆ ఒక్క చిప్‌లోనే ఉంటాయి.
3. సెన్సర్ వోల్టేజీని అంకెగా మార్చే 16 బిట్ల చిప్ ఏడీఎస్1115. 4.096 వోల్టుల రేంజ్‌లో ఒక్కో మెట్టు 0.125 మిల్లీవోల్టు.
4. ప్రోగ్రామ్ నడిపే చిన్న బోర్డు ఆర్డ్యుయినో నానో.
5. 3డీ ప్రింటింగ్‌లో చేయించిన నల్ల క్యూవెట్ హోల్డర్ (ద్రావణం పోసి కొలిచే చిన్న చదరపు గొట్టమే క్యూవెట్), పైన మూత.

ఓపీఏ అమీన్‌తో కలిసి ఇచ్చే పదార్థానికి 340 నానోమీటర్ల వెలుగు బాగా సరిపోతుంది. ఆ ఎల్ఈడీ ధర మా బడ్జెట్‌కు అందలేదు. 365 దగ్గర కూడా చాలినంత పీల్చుకుంటుంది కాబట్టి దానితోనే సరిపెట్టుకున్నాం. డాబాగార్డెన్స్ షాపుల్లో దొరికినవి అక్కడే కొన్నాం, సెన్సర్ మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించాం.

ఇప్పటిదాకా ఖర్చు: 1,890 రూపాయలు.

దశ 2: ఏమీ లేకుండానే వెలుగుతున్న పెట్టె

క్యూవెట్‌లో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోసి చూస్తే 212 మిల్లీవోల్టులు. ఎల్ఈడీ ఆపితే 8. ఆ 8 సెన్సర్ సొంత చీకటి వోల్టేజీ, దాని డేటాషీట్‌లోనే 7.5 అని ఉంటుంది. అంటే మిగతా 204 అంతా చెత్త. ఈ ప్రాజెక్టులో మా టైమ్ ఎక్కువగా పోయింది ఇక్కడే. సిగ్నల్ పెంచడానికి పెద్ద ఎల్ఈడీ పెడదామని పిల్లలు అడిగారు. పెద్దది పెడితే చెత్త కూడా అంతే పెరుగుతుంది. బ్లాంక్ (కొలవాల్సింది ఏమీ వేయనప్పటి రీడింగు) తగ్గితేనే చిన్న రీడింగు కనిపిస్తుంది. అందుకని ఒక్కో అనుమానాన్నీ విడిగా తీసుకుని చూశాం.

చవక యూవీ ఎల్ఈడీ 365 దగ్గరే ఆగదు, ఊదా రంగు తోక 400 దాటి కూడా ఉంటుంది. ఆ తోక నేరుగా సెన్సర్‌లోకి వచ్చేస్తోంది. ఎల్ఈడీ ముందు జడ్‌డబ్ల్యూబీ2 నల్ల గాజు ఫిల్టర్ పెట్టాం. 212 కాస్తా 96 అయింది.

సెన్సర్ ముందు స్టేజి లైట్లకు వాడే పసుపు ప్లాస్టిక్ షీటు ఉంది. అది యూవీని ఆపుతుంది, నిజమే. కానీ ఆ షీటును విడిగా తీసి యూవీ టార్చి కింద పెడితే తనే వెలుగుతోంది. దాని బదులు 435 నానోమీటర్ల లాంగ్‌పాస్ గాజు (అంతకన్నా పొడవైన తరంగాల వెలుగునే పోనిచ్చేది) పెట్టాం: 27 మిల్లీవోల్టులు. డబ్బు ఎక్కడైనా మిగుల్చుకోండి గానీ ఈ గాజు దగ్గర మాత్రం వద్దు.

435 ఎందుకంటే, నీళ్లు కూడా కొంత వెలుగును రంగు మార్చి వెదజల్లుతాయి. 365 నానోమీటర్ల వెలుగు పడితే నీటి రామన్ వెదజల్లుడు దాదాపు 417 దగ్గర వస్తుంది. 420 గాజు పెడితే దాని అంచు లోపలికి చొరబడుతుంది, 435 దాన్ని బయటే ఆపేస్తుంది. 1928లో ఈ ప్రభావాన్ని కనిపెట్టిన సి.వి. రామన్ చిన్నతనం గడిచింది విశాఖలోనే, ఆయన తండ్రి ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్. ఆ సంగతి చెప్పాక రామన్ పీక్‌ను ఇక్కడ మా పిల్లలెవరూ మర్చిపోలేదు.

తరువాత క్యూవెట్. కలరిమీటర్‌తో వచ్చే క్యూవెట్‌కు రెండు వైపులు మసక గాజు ఉంటుంది. ఫ్లోరెసెన్స్‌ను పక్క నుంచి చూస్తాం కాబట్టి నాలుగు వైపులా తేటగా ఉన్న క్యూవెట్ కావాలి. అది మార్చి, హోల్డర్ లోపల మెరుపు లేని నల్ల రంగు పూశాక 14 దగ్గర నిలిచింది.

రెండు చిన్న సర్దుబాట్లు చెప్పి ముందుకు వెళ్తాను. ఎల్ఈడీ వేడెక్కుతున్నకొద్దీ వెలుగు తగ్గుతుంది, కాబట్టి కొలిచే ముందు పావుగంట వెలిగించి ఉంచాలి. ట్యూబ్‌లైట్ వెలుగు మూత సందుల్లోంచి దూరుతుంది, కాబట్టి ప్రోగ్రామ్‌లో ఒక సెకను ఎల్ఈడీ వేసి, ఒక సెకను ఆపి, రెండింటి తేడా తీసుకుంటున్నాం. చీకటి వోల్టేజీ కూడా దాంతోనే తీసివేతలో పోతుంది.

ఖర్చు: ఫిల్టర్లు 1,590, క్యూవెట్లు 900. ఇప్పటిదాకా 4,380 రూపాయలు.

దశ 3: రీఏజెంట్

ఓపీఏ ఒక్కటే పనిచేయదు. థయోల్ (గంధకం–హైడ్రోజన్ గుంపు ఉన్న పదార్థం) తోడు ఉండాలి, క్షార గుణం ఉండాలి. అప్పుడే అమీన్‌తో కలిసి వెలిగే ఐసోఇండోల్ తయారవుతుంది. ఓపీఏ ప్రైమరీ అమీన్‌నే పట్టుకుంటుంది. ప్రోలిన్ అనే అమైనో ఆమ్లంలో ఉన్నది సెకండరీ అమీన్ కాబట్టి అది ఇందులో కనిపించదు.

పుస్తకాల్లో ఉండే థయోల్ మెర్కాప్టోఇథనాల్. దానితో రెండు చిక్కులు. మొదటిది వాసన, ఫ్యూమ్ హుడ్ లేని ల్యాబ్‌లో దాని సీసా మూత తీయకూడదు. రెండోది ఇంకా ముఖ్యం. గ్లైసిన్, గాబాలతో అది ఇచ్చే ఉత్పత్తి నిలవదు. గ్లుటమేట్ రీడింగు పది నిమిషాల తర్వాత కూడా దాదాపు అలాగే ఉంటే, గ్లైసిన్‌ది మూడో వంతు పడిపోయింది. వరుసలో చివరి ట్యూబు చూసే పిల్లవాడికి తక్కువ గ్లైసిన్ కనిపిస్తుంది, తేడా అంతా గడియారంలోనే ఉన్నా సరే.

అందుకని థయోల్‌ను ఎన్-ఎసిటైల్ సిస్టీన్‌కు మార్చాం. ఇది మందుల షాపులో నీళ్లలో కరిగే బిళ్లగా కూడా దొరుకుతుంది, ఆ దారి కూడా చూశాం. బ్లాంక్ ఒక్కసారిగా 700 దాటింది. రేపర్ చూస్తే తీపి కోసం ఆస్పర్టేమ్ ఉంది. ఆస్పర్టేమ్‌కు స్వేచ్ఛగా ఉన్న ప్రైమరీ అమీన్ ఉంది, అది ఓపీఏతో చక్కగా వెలుగుతుంది. బిళ్లలు పక్కన పెట్టి ల్యాబ్ గ్రేడ్ పొడి కొన్నాం.

మాకు కుదిరిన పద్ధతి ఇది:

1. వెలిగారం 4.77 గ్రాములు 250 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించాలి. ఇది 0.05 మోలార్, పీహెచ్ తనంతట తానే 9.2 దగ్గర ఉంటుంది.
2. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ 32.6 మిల్లీగ్రాములు 9 మిల్లీలీటర్ల ఆ బఫర్‌లో కలపాలి. ఇది ఆమ్లం కాబట్టి పీహెచ్ కిందికి దిగుతుంది. సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలతో 9.5కి తేవాలి.
3. ఓపీఏ 13.4 మిల్లీగ్రాములు 1 మిల్లీలీటరు మెథనాల్‌లో కరిగించి పై దానిలో పోయాలి. గోధుమ రంగు సీసాలో ఉంచి అదే రోజు వాడాలి.
4. శాంపిల్ 0.1 మిల్లీలీటరు, రీఏజెంట్ 1.9 మిల్లీలీటర్లు. కలిపిన 3 నిమిషాలకు రీడింగు. అందరికీ అదే 3 నిమిషాలు.

రెండో మెట్టులో పీహెచ్‌ను ఎన్-ఎసిటైల్ సిస్టీన్ వేశాకే సరిచేయాలి. ముందే సరిచేసి తర్వాత పొడి వేస్తే స్లోప్ (పదార్థం పెరిగేకొద్దీ రీడింగు ఎంత పెరుగుతుందనేది) రోజుకో రకంగా వస్తుంది.

యూవీ కళ్లజోడు, గ్లౌజులు తప్పనిసరి. ఓపీఏ చర్మానికి, కళ్లకు మంచిది కాదు.

ఖర్చు: ఓపీఏ 1,950, ఎన్-ఎసిటైల్ సిస్టీన్ 780, వెలిగారం 40. ఇప్పటిదాకా 7,150 రూపాయలు.

దశ 4: చెమట

రీఏజెంట్‌తో బ్లాంక్ 31 మిల్లీవోల్టులు ఉండాలి. ఎండాకాలం మధ్యాహ్నాల్లో అది 50, 60, ఒకసారి 74 కూడా వచ్చింది. ఉదయం కలిపిన అదే సీసా, అవే క్యూవెట్లు. విశాఖ ఉక్కపోతలో చేతులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి, చెమటలో సెరిన్, గ్లైసిన్ లాంటి అమైనో ఆమ్లాలు ఉంటాయి. నిన్‌హైడ్రిన్ అనే రసాయనంతో వేలిముద్రలు బయటపడేది వాటి వల్లే. శుభ్రమైన క్యూవెట్ పెదవిని కావాలనే వేలితో తాకి, అందులోనే బ్లాంక్ పోసి చూశాం. 31 ఉన్నది 68 అయింది. ఇక ఏ సందేహమూ లేదు.

అప్పటి నుంచి నియమాలు ఇవి: నైట్రైల్ గ్లౌజులు, పైపెట్ టిప్పుల డబ్బా మూత ఎప్పుడూ వేసే ఉంచడం, క్యూవెట్‌ను కింది సగంలోనే పట్టుకోవడం, పనయ్యాక మెథనాల్‌తో కడగడం. టేబుల్ మీద ఫ్యాన్ ఆపేయాలి, ఎంత ఉక్కగా ఉన్నా.

దుమ్ము సంగతి మా ల్యాబ్ అటెండర్ గారి వల్ల దొరికింది. యూవీ టార్చి పట్టుకుని నిలబడి, "మేడమ్, నా చొక్కా కూడా మెరుస్తోంది. ఇందులోనూ అమైనో ఆమ్లాలున్నాయా?" అన్నారు. అది బట్టల సబ్బు పొడిలో కలిపే తెల్లదనం రసాయనం అండీ అని చెప్పాను. చెప్పాక క్యూవెట్లు తుడిచే టిష్యూను అదే టార్చి కింద పెట్టి చూశాం. అది చొక్కా కన్నా నీలంగా వెలిగింది. దాని నూలు పోగు ఒకటి క్యూవెట్ గోడకు అంటుకుంటే చాలు, 5 నుంచి 10 మిల్లీవోల్టులు ఎక్కువ చూపిస్తుంది. ఇప్పుడు లెన్సులు తుడిచే కాగితమే వాడుతున్నాం, కొనే ముందు దాన్ని కూడా టార్చి కింద చూసుకుని.

దశ 5: గీత

ఎంత పదార్థానికి ఎంత రీడింగో చూపేది ఈ గీత. 10 మిల్లీమోలార్ స్టాక్ (చిక్కటి మూల ద్రావణం) కోసం 100 మిల్లీలీటర్లకు మోనోసోడియం గ్లుటమేట్ 187.1 మిల్లీగ్రాములు, గాబా 103.1, గ్లైసిన్ 75.1. ప్రాక్టీసుకు వంటింటి టేస్టింగ్ సాల్ట్ సరిపోతుంది, అది కూడా మోనోసోడియం గ్లుటమేటే. స్టాండర్డ్‌కు మాత్రం ల్యాబ్ సీసాలోదే వాడండి.

క్యూవెట్‌లోని గ్లుటమేట్ మైక్రోమోలార్లలో, పక్కన రీడింగు మిల్లీవోల్టుల్లో:

0: 31
5: 62
10: 92
20: 153
50: 334
100: 571

50 దాకా గీత తిన్నగా ఉంది, మైక్రోమోలార్‌కు 6.1 మిల్లీవోల్టులు. 100 దగ్గర వంగింది. ద్రావణం చిక్కబడేకొద్దీ ముందున్న పొరే యూవీని పీల్చేసుకుంటుంది, వెనకాల ఉన్నవాటికి తక్కువ అందుతుంది. కాబట్టి 50 దాటితే పలచన చేయాల్సిందే. గ్లైసిన్ స్లోప్ 5.6, గాబాది 5.2. ఎవరి గీత వారికి విడిగా గీసుకోవాలి.

బ్లాంక్ ఊగిసలాట 0.9 మిల్లీవోల్టు. దానికి మూడు రెట్లు తీసుకుంటే కనీసం గుర్తించగలిగేది 0.4 మైక్రోమోలార్ పైచిలుకు. సినాప్స్ (రెండు న్యూరాన్లు కలిసే సందు) దగ్గరి వెసికిల్ (సంకేత పదార్థం నిల్వ ఉండే చిన్న సంచి) లోపల గ్లుటమేట్ 100 మిల్లీమోలార్ స్థాయిలో ఉంటుందని, విడుదలైన క్షణంలో సందులో 1 మిల్లీమోలార్ దాకా పోయి మిల్లీసెకన్లలో మాయమవుతుందని పిల్లలకు చెప్పినప్పుడు, ఈ 0.4కు అర్థం వచ్చింది. పరిమాణం మనకు అందేదే, వేగమే అందదు. ఆ వేగం కోసం 2013లో ఐగ్లూస్నిఫర్ వచ్చింది: బ్యాక్టీరియాలో గ్లుటమేట్‌ను పట్టుకునే ప్రోటీన్‌కు ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్‌ను జోడించి, బతికున్న న్యూరాన్ పొర మీదే తయారయ్యేలా చేశారు. మా పెట్టె చేసేది టెస్ట్‌ట్యూబ్ పని.

దశ 6: ఎవరు ఎవరు?

మూడూ ఒకే నీలంలో వెలుగుతాయి. ఓపీఏకు అమీన్ తెలుసు, పేరు తెలియదు. అందుకని వెలిగించే ముందే వాటిని విడదీయాలి.

గ్లుటమేట్‌కు, గాబాకు తేడా ఒక కార్బాక్సిల్ గుంపు. ఆ తేడానే వాడుకున్నాం. ఒక ఆమ్ల గుంపు ఏ పీహెచ్ దగ్గర సగం మేర ప్రోటాన్ వదులుతుందో ఆ అంకె పీకేఏ. గాబా కార్బాక్సిల్ పీకేఏ 4.03, గ్లుటమేట్ పక్క గొలుసుది 4.25, గ్లైసిన్‌ది 2.34. పీహెచ్ 4.2 బఫర్‌లో గాబా మీద దాదాపు 0.4 ధనావేశం, గ్లుటమేట్ మీద దాదాపు అంతే రుణావేశం, గ్లైసిన్ మీద ఇంచుమించు సున్నా. కాబట్టి ఒకే కాగితం పట్టీ మీద కరెంటు పెడితే ఒకటి అటు, ఒకటి ఇటు, ఒకటి మధ్యలో.

1. వాట్‌మన్ నంబర్ 1 కాగితం, 20 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పు. గ్లౌజులతోనే కత్తిరించాలి.
2. సోడియం ఎసిటేట్ బఫర్ 0.03 మోలార్, పీహెచ్ 4.2. అమ్మోనియం ఎసిటేట్ వద్దు, ఓపీఏ అమ్మోనియాతో కూడా కలుస్తుంది.
3. పాత టార్చి సెల్లులోని కార్బన్ కడ్డీలు ఎలక్ట్రోడ్లు.
4. మధ్యలో పెన్సిల్ గీత మీద 5 మైక్రోలీటర్లు.
5. 200 వోల్టులు, ఒక గంట, మూత వేసిన ప్లాస్టిక్ డబ్బాలో. 200 వోల్టులు ప్రాణాంతకం: సప్లై ఆపి, ప్లగ్ తీశాకే మూత తెరవాలి.
6. పట్టీని ఆరబెట్టి 5 మిల్లీమీటర్ల ముక్కలు చేసి, ఒక్కో ముక్కను 2 మిల్లీలీటర్ల రీఏజెంట్‌లో 5 నిమిషాలు కదిపి, కాగితం తీసేసి రీడింగు.

మూత లేకుండా పెట్టినప్పుడు పట్టీ నడుమ వేడికి ఎండిపోయి కరెంటు ఆగిపోయింది. మూత వేశాక ఆ ఇబ్బంది లేదు.

అసలు చిక్కు వేరే ఉంది. కదలకూడని గ్లైసిన్ రుణ ఎలక్ట్రోడ్ వైపు 0.9 సెంటీమీటరు పోయింది. గాబా అటే 2.9 పోయింది. గ్లుటమేట్ ధన ఎలక్ట్రోడ్ వైపు 1.0 మాత్రమే వెళ్లింది. కాగితం గోడలకు కొద్దిగా రుణావేశం ఉంటుంది, దానివల్ల పట్టీలోని ద్రవమంతా మెల్లగా రుణ ఎలక్ట్రోడ్ వైపు ప్రవహిస్తుంది. ఇది ఎలక్ట్రో ఆస్మాసిస్. దాన్ని ఆపే ప్రయత్నం చేయలేదు. పెన్సిల్ గీతను సున్నాగా తీసుకోవడం మానేసి, ప్రతి పట్టీ పక్కన గ్లైసిన్ పట్టీ ఒకటి నడిపి దాన్నే సున్నాగా పెట్టుకున్నాం. అప్పుడు గాబా 2.0, గ్లుటమేట్ 1.9, ఎదురెదురు వైపుల్లో. పీకేఏ లెక్క చెప్పినట్టే.

50 నానోమోల్స్ గ్లుటమేట్ పెడితే ముక్కలన్నీ కూడి 44 తిరిగి వచ్చింది, 88 శాతం.

ఖర్చు: డబ్బా 90. ఇప్పటిదాకా 7,240 రూపాయలు. కాగితం, పవర్ సప్లై కాలేజీవే.

దశ 7: మేక మెదడు

పూర్ణా మార్కెట్ దగ్గర మటన్ కొట్టులో మేక మెదడు కొన్నాం. 1 గ్రాము ముక్కను 80 శాతం ఇథనాల్‌లో నలిపి, 70 డిగ్రీల నీళ్లలో పది నిమిషాలు ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైతేటను ఆరబెట్టి 1 మిల్లీలీటరు నీళ్లలో కలిపాం. మొదటి పట్టీ మీద మచ్చలకు బదులు చారలు వచ్చాయి. మెదడులో కొవ్వు ఎక్కువ, అది కాగితాన్ని పట్టేసింది. క్లోరోఫామ్‌తో ఒకసారి కడిగాక మచ్చలు తేటగా విడిపడ్డాయి.

గ్రాముకు గ్లుటమేట్ 8.6 మైక్రోమోల్స్, గాబా 3.5. గాబా అంత ఉండటం అనుమానం కలిగించింది. జంతువు చనిపోయాక గాబాను తయారుచేసే ఎంజైము పనిచేస్తూనే ఉంటుంది, దాన్ని ఖర్చుచేసే దారి మాత్రం ఆక్సిజన్ లేక ఆగిపోతుంది. అందుకే నిమిషాల్లోనే గాబా పోగవుతుంది. పరిశోధన ల్యాబుల్లో మెదడును క్షణాల్లో గడ్డకట్టించేది గానీ మైక్రోవేవ్‌తో ఎంజైములను ఆపేది గానీ ఇందుకే. తర్వాతిసారి ఇథనాల్ సీసా కొట్టు దగ్గరికే పట్టుకెళ్లి ముక్కను అక్కడే వేశాం. గాబా 2.6, గ్లుటమేట్ 9.1 వచ్చింది. రెండు వేర్వేరు మేకలు కాబట్టి ఈ తేడా మీద నేను గట్టిగా నిలబడను, కానీ దిశ అదే. అది కూడా బతికున్న మెదడు లెక్క కాదు.

మధ్య మచ్చను గ్లైసిన్ అని రాసుకోకండి. గ్లుటమిన్, టారిన్, అలనిన్, సెరిన్ కూడా ఆ పీహెచ్‌లో తటస్థమే, అన్నీ అక్కడే ఉంటాయి. ఆస్పర్టేట్ మాత్రం గ్లుటమేట్‌ను దాటి ముందుకు పోతుంది, దాని గుంపు పీకేఏ 3.65.

దశ 8: గుమ్మడికాయతో సరిచూడటం

2.0 దగ్గర ఉన్న మచ్చ గాబాయే అని ఇంకో దారిలో చూడాలనిపించింది. గుమ్మడి జాతి కాయల్లో గ్లుటమేట్ డీకార్బాక్సిలేజ్ బాగా ఉంటుంది. కాయ గుజ్జును చల్లటి పీహెచ్ 5.8 ఫాస్ఫేట్ బఫర్‌లో నూరి వడకట్టాం. రసంలోనే సొంత అమైనో ఆమ్లాలు ఉంటాయి కాబట్టి డయాలసిస్ ట్యూబులో రాత్రంతా ఉంచి వాటిని పోగొట్టాం. దానికి గ్లుటమేట్, చిటికెడు పిరిడాక్సల్ ఫాస్ఫేట్ (ఈ ఎంజైము పనిచేయడానికి తోడు కావాల్సిన బి6 రూపం) కలిపి 37 డిగ్రీల్లో గంట ఉంచాం. బి6 బిళ్లలు ఇక్కడ పనికిరావు, వాటిలో ఉండేది పిరిడాక్సిన్, ఎంజైముకు కావాల్సింది ఫాస్ఫేట్ రూపం. పక్కనే మరిగించిన రసంతో ఒక కంట్రోల్.

కంట్రోల్‌లో గ్లుటమేట్ మచ్చ అలాగే ఉంది, గాబా చోట బ్లాంకే. మరిగించని రసంలో గ్లుటమేట్ 100 నుంచి 62కు దిగింది, ఎదురు వైపు 2.0 దగ్గర కొత్త మచ్చ లేచి 33కు చేరింది. పోయిన 38లో 33 దొరికాయి. మిగతా 5 కాగితంలోనే ఉండిపోయి ఉండవచ్చు. పిరిడాక్సల్ ఫాస్ఫేట్ వేయకుండా అదే రసంతో ఇంకో ట్యూబు నడపడం వచ్చే బ్యాచ్ పని. ఆ అంకెలు ఈ దశ కిందే చేరుస్తాను.